పుచ్చు

గురువారం. గ్దీనియాలో మంచూ కాదు, వానా కాదు,
రెండూ తేల్చుకోలేని తడి.
రెండు బకెట్లు, గొట్టం, పొడవాటి కత్తెర
మెట్లమీంచి మోసుకెళ్తాను
పళ్ళ డాక్టరు హల్ష్కా గారి మూడో అంతస్తుకి.
లిఫ్టు ఉంది. బకెట్లంటే వాచ్‌మన్‌కి గిట్టదు.

పేషెంట్లు కూచునే గదిలో నాలుగు వందల లీటర్ల తొట్టి.
అందులో సగం ఆవిడే.
తెచ్చిన రోజు అరచేతంత అమెజాన్ కత్తిమొక్క,
నెల తిరక్కుండా ఉన్న ఆకులన్నీ జావ చేసి వదిలేసింది.
అవి గాలిలో పుట్టినవి, నీళ్ళలో బతకడం రానివి.
"చచ్చింది, తీసెయ్," అంది కౌంటర్లోంచి బోగ్నా.
మొదలు వేలితో నొక్కి చూశాను. గట్టిగా ఉంది.
గట్టిగా ఉన్నదాన్ని పీకకూడదు.
(లోపల డాక్టరుగారూ ఇదే అంటారట.)

ఆరేళ్ళు. ఇప్పుడు ఆకు ఒక్కోటి నా మోచేతి పొడుగు.
వేళ్ళు ఇసుక కింద ఈ గోడ నుంచి ఆ గోడకి పాకి
మూలల్లో అద్దానికి ముఖాలు ఆనించి బయటికి చూస్తున్నాయి.
నెలకోసారి వాటి మధ్య ఎరువు కలిపిన మట్టి ఉండలు దూరుస్తాను,
లంచం ఇచ్చినట్టు, ఎవరూ చూడకుండా.
కొత్తాకు పాలిపోతే ఇనుము చాలలేదు.
పాతాకు అంచున నల్ల నాచు పట్టిందంటే
దీపం ఎక్కువసేపు వెలుగుతోందని,
బోగ్నా మళ్ళీ టైమర్ ముట్టుకుందని.

ఇవాళ అద్దానికి ముక్కు ఆనించి ఏడేళ్ళ యాగ్నా.
మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ
కుర్చీలో పెదాలు కుట్టేసుకుని కూచుని వెళ్ళిపోయింది.
ఇప్పుడూ సగం ముక్కుతోనే అడిగింది:
"దీనికీ పుచ్చా?"

చూశాను. కిందాకు మీద సూదితో పొడిచినట్టు చిల్లులు,
చిల్లు చిల్లుకీ పసుపు అంచు.
"పొటాషియం తగ్గింది. నీళ్ళు మార్చాక మందు పోస్తా."
"నొప్పి పుడుతుందా?"
నా కింది దవడలో, ఎడమపక్క,
నవంబరు నుంచీ ఒకటి పలకరిస్తోంది.
"తెలీదు. ఇది చెప్పదు."
"నేనూ చెప్పను," అంది.

పడ్డ చిల్లు పూడదు, యాగ్నా.
ఎంత మందు పోసినా పూడదు.
మధ్యలోంచి వచ్చే కొత్తాకు నిండుగా వస్తుంది, అంతే.
"మరి ఇది?"
మొదలంటా కత్తిరించాలి.
భుజం దాకా చెయ్యి ముంచాను.
ఆకు అడుగున, ఈనె పొడుగునా,
మీసాల చేప గుడ్లు అంటించి పోయింది.
గసగసాల కన్నా పెద్దవి, సగ్గుబియ్యం కన్నా చిన్నవి.
కత్తెర బయటికి తీశాను.
పుచ్చాకే. ఈ వారానికి ఉండనీ.

గుమ్మంలో డాక్టరుగారు, ఎంతసేపట్నుంచో.
"రాదొమిల్ గారూ, ఆ చెంప మీంచి ఒకసారి చెయ్యి తీస్తారా?"
"చిల్లు పూడదండీ," అన్నాను, ఆకు సంగతే అన్నట్టు.
"ఆకులకి మీరు చెప్పండి. పళ్ళకి నేను చెప్తాను."

నలభై నిమిషాలు.
తెరిచిన తలుపు సందులోంచి
ఒకే ఒక్క ఆకు కనిపించింది, ఫిల్టరు గాలికి
అవునో కాదో తేల్చకుండా ఊగుతూ.
దాన్నే పట్టుకుని ఉన్నాను, కళ్ళతో.
ఇన్నేళ్ళూ నేను మోసిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో
ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుంటేగాని తెలీలేదు.

బయటికొచ్చి గొట్టం నోట పెట్టి పీల్చాను,
ప్రతి గురువారం పీల్చినట్టే.
కింది పెదవి సగం నాది కాదు.
చేపలు తిరిగిన నీళ్ళు గడ్డం మీంచి
చొక్కా లోపలికి, లోపల్నుంచి బూట్లలోకి.

యాగ్నా నవ్వింది.
నోరంతా తెరిచి, కొండనాలుక కనిపించేలా,
ఆపుకోలేక, అద్దం మీద చేతులు కొడుతూ.

హల్ష్కా గారు కదలకుండా అక్కడే నిలబడి
చిన్నగా, తనలో తను అనుకుంటున్నట్టు:
"పైన రెండు. కింద, కుడివైపు, ఒకటి."
బోగ్నా రాసుకుంటోంది.